ధనసాయానికి ఆవల: ఆధునిక తెలుగు సాహిత్య పోషణలో మూడు నమూనాలు

వ్యాస సంగ్రహం:

తెలుగు సాహిత్య చరిత్రలో పోషణ అనగానే అగ్రహారాలు, కనకాభిషేకాలు, విరాళాలు గుర్తుకు వస్తాయి. పోషకుడు ఎంత ఇచ్చాడన్న ప్రశ్నకు దొరికినంత చోటు, డబ్బుతో పాటు ఇంకేమి ఇచ్చాడన్న ప్రశ్నకు దొరకలేదు. సి.పి. బ్రౌన్, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కాశీనాథుని నాగేశ్వరరావు అందించిన పోషణను ఈ రెండవ ప్రశ్న వైపు నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అసంపూర్ణంగా మిగలడానికి గల కారణాలను కూడా ఈ దృష్టితోనే చర్చిస్తుంది.

కీలక పదాలు: సాహిత్య పోషణ, బ్రౌన్, మునగాల, కొమర్రాజు లక్ష్మణరావు, విజ్ఞాన సర్వస్వం, కాశీనాథుని నాగేశ్వరరావు.

1. ఉపోద్ఘాతం

ప్రాచీన సాహిత్యంలో పోషణ కవికి, కృతిభర్తకు మధ్య నడిచిన సంబంధం. కవి కృతిని అంకితమిస్తాడు, రాజు అగ్రహారమో ధనమో ఇస్తాడు. అయితే ఆ కాలంలోనూ పోషణ ఇంత సరళంగా లేదు. భారతాంధ్రీకరణలో నారాయణభట్టు తనకు తోడ్పడిన తీరును నన్నయ అవతారికలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఆ నారాయణభట్టుకే రాజరాజనరేంద్రుడు నందంపూడి అగ్రహారాన్ని దానం చేసినట్లు శాసనం చెబుతున్నది. అంటే ప్రధాన రచయితకే కాక, అతని వెనుక నిలిచిన సహాయకునికి కూడా రాజాదరణ దక్కింది. ఒక పెద్ద గ్రంథం వెలువడడానికి చుట్టూ ఒక ఏర్పాటు అవసరమనే గ్రహింపు ఇందులో కనిపిస్తుంది.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. వ్రాతప్రతుల సేకరణ, పరిష్కరణ, ముద్రణ, పంపిణీ వంటి దశలన్నీ దాటితేనే గ్రంథం పాఠకునికి చేరుతుంది. ఒక్కసారి ఇచ్చిన విరాళం వీటిలో ఏదో ఒక దశకు మాత్రమే సరిపోతుంది. మిగిలిన దశలను దాటించినది ఏమిటన్నదే ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న.

2. బ్రౌన్: పనికి ఒక చోటు, ఒక పద్ధతి

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడప చేరారు. వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రచురించారు. పండితులకు, లేఖకులకు ఆయన తన సొంత డబ్బుతో జీతాలిచ్చారని, అందుకోసం అప్పులపాలయ్యారని సాహిత్య చరిత్రకారులు తరచుగా చెబుతారు. అది నిజమే కాని, అంతకన్నా గమనించవలసిన విషయం కడపలోని ఆయన బంగళాలో ఏర్పడిన పని విధానం.

ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులను తెప్పించడం, వాటిని పక్కపక్కన పెట్టి పాఠాంతరాలను గుర్తించడం, శుద్ధప్రతిని రాయించడం, వ్యాఖ్యానం చేయించడం అక్కడ వరుసగా జరిగేవి. ఇంటి దగ్గర ఒంటరిగా పనిచేసే పండితునికి ఇన్ని ప్రతులు ఒక్కచోట దొరికే అవకాశం ఉండేది కాదు. పక్కన కూర్చొని పాఠాన్ని వాదించే మరొక పండితుడూ ఉండేవాడు కాదు. జీతం పండితుని కుటుంబాన్ని నిలబెట్టింది. అతని పాండిత్యానికి పరిష్కరణ అనే కొత్త రూపాన్నిచ్చినది మాత్రం ఆ చోటు, ఆ పద్ధతి. వ్యాఖ్యాన సహితంగా వెలువడిన వసుచరిత్ర (1844), మనుచరిత్ర (1851) ముద్రణలు, వాటి వెనుక ఉన్న జూలూరి అప్పయ్య వంటి పండితుల శ్రమ ఈ ఏర్పాటుకు ఫలితాలు.

ఇందులో లోపం లేకపోలేదు. ఏ గ్రంథాన్ని ముందు పరిష్కరించాలి, ఏ క్రమంలో పని సాగాలి అన్నవి దొర ఇష్టం మీద ఆధారపడి ఉండేవి. ఫలితానికి బ్రౌన్ పేరు నిలిచినట్లుగా పండితుల పేర్లు నిలవలేదు. అయినప్పటికీ బ్రౌన్ చేసిన ఒక పని తరువాతి పోషకులకు పాఠం కాదగినది. తన వ్రాతప్రతుల సేకరణను ఆయన తన వద్దనే ఉంచుకోలేదు. 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. కాలక్రమంలో ఆ ప్రతులు మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి. బ్రౌన్ 1855లో ఇంగ్లండు వెళ్లిపోయినా ప్రతులు పరిశోధకులకు అందుబాటులో మిగిలాయి.

3. మునగాల: పదవి, నమ్మకం, పరిచయాలు

మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా పరిపాలన రీత్యా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. దాని జమీందారు నాయని వెంకటరంగారావు వద్ద కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877–1923) దివానుగా పనిచేశారు. సాహిత్య చరిత్రలో ఈ ఉద్యోగం ఒక జీవిత వివరంగానే ప్రస్తావనకు వస్తుంది. నిజానికి అది పోషణకు ఒక కొత్త రూపం.

జమీందారు లక్ష్మణరావుకు గ్రంథానికింత అని పారితోషికం ఇచ్చి ఊరుకోలేదు. గౌరవప్రదమైన జీవనాధారాన్ని కల్పించి, ఆ పదవిలో ఉంటూనే చరిత్ర పరిశోధనకు, గ్రంథ ప్రచురణకు కాలం వెచ్చించే స్వేచ్ఛనిచ్చారు. నెలనెలా ఫలితం చూపవలసిన ఒత్తిడి లేకపోవడం వల్లనే ఏళ్ల తరబడి సాగే ప్రణాళికలను లక్ష్మణరావు తలకెత్తుకోగలిగారు. శాసనాలను చదవడం, పలు భాషల ఆధారాలను పోల్చడం తొందరలో జరిగే పనులు కావు.

రెండవది సామాజిక బలం. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు ఇంట వెలిసింది. దాని స్థాపనలో లక్ష్మణరావుతో పాటు మునగాల రాజా కూడా ఉన్నారు. తెలుగుకు రాజభాషా గౌరవం లేని నగరంలో ఒక తెలుగు గ్రంథాలయానికి జమీందారు పేరు అండగా నిలవడం విరాళంతో సమానమైన సహాయం.

ఈ పోషణకు మరొక ముఖం కూడా ఉంది. జమీందారీ ఆదాయం రైతుల శిస్తుల నుంచి వచ్చినదే. 1930వ దశకంలో మునగాల పరగణాలో ఇదే జమీందారుకు వ్యతిరేకంగా రైతు ఉద్యమం నడిచింది. విజ్ఞాన వ్యాప్తికి అండగా నిలిచిన చేయి, రైతులు ఎదిరించిన చేయి ఒకటే. సాహిత్య చరిత్ర మొదటిదాన్ని, ఉద్యమ చరిత్ర రెండవదాన్ని విడివిడిగా చెబుతూ వచ్చాయి. పోషణను సమగ్రంగా అంచనా వేయాలంటే ఈ రెండింటినీ కలిపి చదవాలి.

4. చందాదారులు: పాఠకులే పోషకులు

1906లో హైదరాబాదులో ఆరంభమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి తరువాత మద్రాసుకు తరలింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర మండలి తొలి ప్రచురణ. చరిత్ర, జీవితచరిత్ర, ప్రకృతి శాస్త్రాలు తెలుగులో రాగలవని మండలి చూపించింది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము కూడా ఈ మండలి ద్వారానే వెలుగు చూసింది.

మండలి చందాదారుల ఏర్పాటు మీద నడిచింది. చందాదారుడు ఇచ్చేది చిన్న మొత్తం. కాని రచయితకు అందులో ఒక హామీ ఉంది: పుస్తకం పూర్తయ్యే నాటికి దానిని చదివేవారు సిద్ధంగా ఉంటారు. నవలా పోటీల ద్వారా మండలి కొత్త రచయితలను కూడా వెతికింది. ఈ విధంగా ఒక పోషకుని స్థానంలో ఒక పాఠక సమాజం నిలిచింది.

5. నాగేశ్వరరావు: ముద్రణ, పత్రిక, పంపిణీ

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఆ ఆదాయం ఆంధ్రపత్రికకు ఆధారమైంది. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి.

విశ్వదాత అన్న బిరుదు ఆయన దానశీలాన్ని గుర్తుచేస్తుంది. పరిశోధకులకు ఆయన చేసిన మేలు మాత్రం భారతి పుటలలో కనిపిస్తుంది. ఒక శాసన పాఠాన్నో, కవి కాలనిర్ణయాన్నో ప్రకటించడానికి, దానిపై వచ్చిన ఖండనను చదువుకోవడానికి, మళ్లీ సమాధానం రాయడానికి అక్కడ వేదిక ఉండేది. విరాళం పొందిన పండితుడు ఒక గ్రంథం రాయగలడు. ప్రతి నెలా వచ్చే పత్రిక పండితులను ఒకరికొకరు జవాబుదారులుగా చేస్తుంది. తెలుగులో పరిశోధన వ్యాసం అనే ప్రక్రియ నిలదొక్కుకోవడంలో ఈ సహాయం విలువ ఏ విరాళానికీ తీసిపోదు.

6. ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వం

లక్ష్మణరావు తలపెట్టిన పనులలో అతిపెద్దది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. 1910వ దశకంలో ఆరంభమైన ఆ కృషి అకారాది సంపుటాలతోనే ఆగింది. 1923లో ఆయన మరణించారు. 1930వ దశకంలో నాగేశ్వరరావు దాని పునఃప్రచురణకు పూనుకున్నారు. 1938లో ఆయన మరణంతో అదీ అసంపూర్ణంగా మిగిలింది. ఈ వైఫల్యానికి ధనలోపం ఒక కారణం కావచ్చు. కాని ఆదాయమూ ముద్రణాలయమూ ఉన్న నాగేశ్వరరావు చేతిలోనూ పని పూర్తికాలేదంటే, ధనలోపం ఒక్కటే సరిపోయే సమాధానం కాదు.

ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. పిఠాపురం మహారాజా పోషణలో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా అకారాది క్రమంలో సాగిన బృహత్కార్యమే. 1911లో జయంతి రామయ్య స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దానిని చేపట్టింది. తొలి సంపుటం 1936లో గాని రాలేదు. 1941లో రామయ్య మరణించినా తరువాతి సంపుటాలు వెలువడ్డాయి. ఇక్కడ పోషకుని దానం ఒక వ్యక్తికి కాక ఒక పరిషత్తుకు చేరింది. విజ్ఞాన సర్వస్వం భారం మాత్రం ప్రధానంగా లక్ష్మణరావు పాండిత్యం మీదనే మోపబడింది. చాలా వ్యాసాలు ఆయనే రాసుకున్నారు.

రెండవ కారణం ప్రణాళికలో ఉంది. అకారాది క్రమంలో సాగే విజ్ఞాన సర్వస్వం మధ్యలో ఆగితే మిగిలిన అక్షరాల కింద ఉండవలసిన విజ్ఞానమంతా పాఠకునికి అందదు. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి తన విజ్ఞాన సర్వస్వానికి విషయక్రమాన్ని ఎంచుకున్నది. ఆ పద్ధతిలో ప్రతి సంపుటం దానికదే సంపూర్ణం. లక్ష్మణరావు వద్ద సహాయకునిగా శిక్షణ పొందిన మల్లంపల్లి సోమశేఖరశర్మ ఈ సమితి కృషిలోనూ పాలుపంచుకున్నారు. సంపుటాలు ఆగినా, ఆ పనిలో తయారైన మనిషి ముప్పై ఏళ్ల తరువాత అదే ఆశయానికి అక్కరకు వచ్చారు. తొలి విజ్ఞాన సర్వస్వం మిగిల్చిన ఆస్తిలో ఇది ముఖ్యమైనది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. బ్రౌన్ పండితులకు పనిచేసే చోటును, పద్ధతిని ఇచ్చారు. మునగాల రాజా ఒక పరిశోధకునికి కాలాన్ని, నమ్మకాన్ని ఇచ్చారు. విజ్ఞానచంద్రికా మండలి రచయితలకు పాఠకులను కూర్చింది. నాగేశ్వరరావు వారికి వేదికను ఇచ్చారు. వీటిలో ఏదీ డబ్బు లేకుండా సాధ్యం కాదు, డబ్బు మాత్రమే ఉన్నా సాధ్యం కాదు.

వీటన్నిటికన్నా అరుదుగా దొరికిన సహాయం కొనసాగింపు. పని మొదలుపెట్టిన మనిషి తరువాత ఎవరు అన్న ప్రశ్నను పోషకుడు ముందే అడిగినచోట కృషి నిలిచింది. అడగనిచోట పాండిత్యమూ ధనమూ రెండూ ఉన్నా అది అకారం దగ్గరే ఆగింది. నేడు విశ్వవిద్యాలయాల్లో స్మారకోపన్యాసాలకు, పరిశోధక బహుమతులకు, గ్రంథ ముద్రణకు నిధులిచ్చే దాతలు తెలుగు నేలలోనూ విదేశాలలోనూ ఉన్నారు. వ్రాతప్రతుల సూచికలు, నిఘంటువులు, సంశోధిత ప్రతులు వంటి దీర్ఘకాలిక పనులకు ఒక పుస్తకావిష్కరణకయ్యే ఖర్చు సరిపోదు. వాటికి సహాయకుల శిక్షణ, నెలల తరబడి తీరిక, పనిని అందుకునే ఒక సంస్థ కావాలి. ఈ చరిత్ర దాతలకు ఎంత ఉపయుక్తమో, వారి ముందు ప్రణాళికలు ఉంచే పరిశోధకులకూ అంతే ఉపయుక్తం. ఎంత కావాలో చెప్పే దరఖాస్తులో, తమ తరువాత పనిని ఎవరు అందుకుంటారో కూడా వారు రాయవలసి ఉంది.