అంగడి వదలని టోర్నెకో

1990 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైన ‘డ్రాగన్ క్వెస్ట్ 4’ గేమ్‌లో మూడో అధ్యాయం ఒక ఆయుధాల కొట్టులో మొదలవుతుంది. అందులో మనం ఆడేది బొజ్జ, మీసాలు ఉన్న టోర్నెకో అనే గుమాస్తాగా. పొద్దున్నే భార్య నెనె భోజనం కట్టిస్తుంది. అతను వేరొకరి కొట్టుకు వెళ్లి బల్ల వెనక నిలబడతాడు. గిరాకీలు వస్తారు, బేరం అడుగుతారు, కొందరు కొంటారు, కొందరు చూసి వెళ్లిపోతారు. పొద్దుపోయాక యజమాని ఆ రోజు కూలి చేతిలో పెడతాడు. మళ్లీ తెల్లవారుతుంది, మళ్లీ అదే బల్ల. అంతకుముందు ఈ తరహా గేముల్లో దుకాణదారుడంటే మనం డబ్బిచ్చి కత్తి కొనుక్కునే ఒక బొమ్మ, అంతే. యూజీ హోరీ రూపొందించిన ఈ అధ్యాయం మనల్ని తీసుకెళ్లి ఆ బొమ్మ నిలబడే చోట నిలబెట్టింది. మూడేళ్లకు, 1993 సెప్టెంబరులో, డ్రాగన్ క్వెస్ట్ గేముల నిర్మాణంలో పాలుపంచుకున్న చున్‌సాఫ్ట్ కంపెనీయే ఈ గుమాస్తాను నాయకుణ్ని చేసి సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద ఇంకో గేమ్ తెచ్చింది. దాని పేరు ‘టోర్నెకో మహా సాహసం’ అన్న అర్థంలో ఉంటుంది. శీర్షికలో ఎక్కడా డ్రాగన్ క్వెస్ట్ అన్న మాట లేదు. లోపల ఆ సిరీస్ వీరుడు లేడు, అతని వెంట నడిచే దండు లేదు, ఖండాలు దాటే ప్రయాణం లేదు. అయినా డ్రాగన్ క్వెస్ట్ ఆడినవాళ్లు దాన్ని పరాయిదనుకోలేదు.

ఒక సిరీస్ నుంచి పుట్టిన స్పిన్-ఆఫ్ ఆ సిరీస్‌కు కట్టుబడి ఉండాలా అన్న వాదన వచ్చినప్పుడల్లా ముందు తేల్చుకోవలసిన మాటను దాటేస్తుంటారు. కట్టుబడడం అంటే దేనికి? ఆట నియమాలకా, బొమ్మల రూపురేఖలకా, కథలో జరిగిన సంఘటనలకా? ఒక సిరీస్‌లో ఇవన్నీ ఉంటాయి. వీటికి లోపల, జనం దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడానికి కారణమైన స్వభావం ఒకటి ఉంటుంది. నియమాలు పూర్తిగా మార్చినా ఆ స్వభావం నిలిస్తే స్పిన్-ఆఫ్ కట్టుబడినట్టే అని, నియమాలు అక్షరాలా పాటించినా అది పోతే తప్పినట్టే అని నా వాదన. గేములు తయారుచేసే ఈ వృత్తి నడిచిన నలభై ఏళ్ల దారిలో దీనికి సాక్ష్యం దొరుకుతుంది.

మొదట ఒప్పుకోవలసిన విషయం, మనం మూలం అని గౌరవించేవే చాలావరకు ఒకప్పుడు కొమ్మలు. మారియో పుట్టింది 1981లో, నింటెండో వారి ‘డాంకీ కాంగ్’లో. అప్పుడతను వడ్రంగి. మరుసటి ఏడు ‘డాంకీ కాంగ్ జూనియర్’లో కోతిని బోనులో పెట్టిన ప్రతినాయకుడు. 1983లో ‘మారియో బ్రదర్స్’ వచ్చేసరికి పైపులు బాగుచేసే ప్లంబర్. వృత్తి మారింది, మంచిచెడ్డలే తారుమారయ్యాయి. ఇక తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లలో తరచూ కనబడిన ‘బాంబర్‌మ్యాన్’ సంగతి ఇంకా విచిత్రం. డగ్లస్ స్మిత్ రూపొందించిన ‘లోడ్ రన్నర్’ను హడ్సన్ సాఫ్ట్ కంపెనీ 1984లో ఫామికామ్‌కు మార్చినప్పుడు అందులో నాయకుణ్ని తరిమే ఒక రోబో ఉండేది. 1985లో అదే రోబో బొమ్మను తీసుకుని బాంబులు పెట్టే నాయకుణ్ని చేశారు. యాభై అంతస్తులూ దాటినవాళ్లకు చివర కనబడేది ఏమిటంటే, ఆ రోబో మనిషిగా మారి లోడ్ రన్నర్ నాయకుడవడం. ఆ క్యాసెట్ పట్టుకుని అంతదూరం వెళ్లిన పిల్లలు ఇక్కడ ఎందరుంటారో గాని, వెళ్లినవాళ్లు చూసింది ఒక స్పిన్-ఆఫ్ తన పుట్టుకను తానే చెప్పుకోవడం. కాబట్టి మూలం పవిత్రం, కొమ్మ కల్తీ అనే వాదన చరిత్ర ముందు నిలబడదు.

అలాగని కొమ్మ ఎటు పాకినా ఫరవాలేదని కాదు. ‘సూపర్ మారియో కార్ట్’ తయారైన తీరు చూడండి. 1990లో వచ్చిన ‘ఎఫ్-జీరో’ కారు పందెం ఒక్కరే ఆడేది కాబట్టి, ఇద్దరు కలిసి ఆడేదొకటి చేద్దామని నింటెండోలో మొదలుపెట్టారు. మొదటి నమూనాలో బండి మీద కూర్చున్నది ఓవరాల్స్ తొడుక్కున్న ఎవరో అనామకుడు. కొన్నాళ్లకు ఆ సీటులో మారియోను కూర్చోబెట్టి చూశారు. అప్పుడు మారింది బొమ్మ ఒక్కటే కాదు. దారిలో వేసి వెనకవాణ్ని జారేలా చేయడానికి నమూనాలో నూనె డబ్బాలుండేవి, వాటి చోట అరటి తొక్కలు వచ్చాయి. నూనె డబ్బా మామూలు కారు పందెంలో వస్తువు, అరటి తొక్క మారియో ఊళ్లో వస్తువు. 1992 ఆగస్టులో విడుదలైన ఆ గేమ్‌లో దూకి గోడలెక్కే పాత మారియో ఆట దాదాపు లేదు. కానీ తాబేలు డిప్పలు అదే పద్ధతిలో దూసుకెళ్లి గోడకు తగిలి వెనక్కొస్తాయి, పుట్టగొడుగు తింటే బలం వచ్చినట్టు బండికి వేగం వస్తుంది. ఒక్క డబ్బా తీసి తొక్క పెట్టడంలో ఆ బృందం ఎంత ఆలోచించిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

టోర్నెకో దగ్గరికి తిరిగి వస్తే, అక్కడ జరిగింది ఇంతకన్నా లోతైన పని. చున్‌సాఫ్ట్ తీసుకున్న నియమాలు డ్రాగన్ క్వెస్ట్‌వి కావు, 1980 నాటి ‘రోగ్’ అనే అమెరికన్ కంప్యూటర్ గేమ్‌వి. గుహలోకి వెళ్లిన ప్రతిసారీ దారులు కొత్తగా ఏర్పడతాయి. మనం ఒక అడుగు వేస్తే రాక్షసులూ ఒక అడుగు వేస్తారు, మనం ఆగితే వాళ్లూ ఆగుతారు. ఎన్నిసార్లు వెళ్లినా మొదటి స్థాయి నుంచే మొదలు. ఆకలేస్తుంది, రొట్టె దొరక్కపోతే సొమ్మసిల్లుతాడు. చస్తే చేతిలోని సరుకంతా పోతుంది. శ్రమించినకొద్దీ వీరుడు బలపడుతూ పోతాడన్నది డ్రాగన్ క్వెస్ట్ ఆటగాళ్లకు 1986 నుంచీ ఉన్న భరోసా. దాన్నే తీసి పక్కన పెట్టారు. ఇంతకన్నా పెద్ద నియమోల్లంఘన ఉండదు. అయితే ఆ గుహలో టోర్నెకో చేసే పని ఏమిటి? దొరికిన వస్తువు ఏమిటో మొదట తెలియదు. పేరు తెలియని ఆకు, చదవని చుట్ట, గుణం తెలియని కర్ర. సంచిలో చోటు కొద్దిగానే ఉంటుంది. ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి, ఏది వాడి చూసి ప్రమాదం తెచ్చుకోవాలి, ఎప్పుడు చాలించి ఇంటికి మళ్లాలి? ఇవన్నీ సరుకు తెలిసిన వ్యాపారి రోజంతా వేసుకునే లెక్కలు. బతికి బయటపడితే తెచ్చిన సొమ్ముతో ఇంటి దగ్గర కొట్టు పెరుగుతుంది, నెనె అక్కడే ఉంటుంది. గుహ మారింది, గుమాస్తా మారలేదు. ‘రోగ్’ నియమాలు ఏ వీరుడికి తగిలించినా నడిచేవే. వ్యాపారికి తగిలించినందువల్ల అవి డ్రాగన్ క్వెస్ట్ సొత్తయ్యాయి.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తది కాకూడదు. శశిరేఖ, అభిమన్యుల పెళ్లికథ వ్యాసభారతంలో లేదు. కె.వి.రెడ్డి 1957లో తీసిన ‘మాయాబజార్’లో పాండవులు తెర మీద కనిపించనే కనిపించరు. అయినా అది భారతం కాదని ఎవరూ లేచి వెళ్లిపోలేదు. కృష్ణుడి మాటలో, ఘటోత్కచుడి ఉత్సాహంలో, శకుని ఎత్తుల్లో మనకు తెలిసిన వ్యక్తులు మనకు తెలిసినట్టే ఉన్నారు. సంఘటన కల్పితమైనా స్వభావం కల్పితం కాలేదు.

దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం 2006లో హడ్సన్ సాఫ్టే ఇచ్చింది, ‘బాంబర్‌మ్యాన్: యాక్ట్ జీరో’ రూపంలో. ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిన ఈ గేమ్‌లో నియమాలు పాతవే. అవే గళ్లు, బాంబు పెట్టి పక్కకు తప్పుకోవడం, అడ్డంగా నిలువుగా పాకే మంట, గోడ పగిలితే బయటపడే వరాలు. పుస్తకం చూసి పరీక్ష రాసినట్టు అన్నీ ఉన్నాయి. తెల్లటి గుండ్రటి బాంబర్‌మ్యాన్ మాత్రం పోయి, లోహకవచం తొడుక్కుని భూగర్భంలో చావుపోరు చేసే బూడిదరంగు మనుషులొచ్చారు. ఒంటరిగా ఆడితే 99 అంతస్తులు, మధ్యలో ఆగి దాచుకునే వీలు లేదు. అన్నిటికన్నా ఘోరం, ఒకే గదిలో ఒకే టీవీ ముందు కూర్చుని నలుగురూ ఆడే అవకాశమే లేదు. కలిసి ఆడాలంటే ఇంటర్నెట్‌లోనే. 1990లో పీసీ ఇంజిన్ మీద ఐదుగురు, 1996లో శాటర్న్ మీద పదిమంది ఒకే తెర ముందు గుమికూడిన ఆట ఇది. పక్కవాడి చుట్టూ బాంబులు పెట్టి మూసేసి, వాడి మొహం చూసి నవ్వడమే జనం ఎరిగిన బాంబర్‌మ్యాన్. ఆ మొహాన్ని గదిలోంచి తీసేశాక గళ్లు ఎంత నిక్కచ్చిగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. స్వభావం అనేది ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకునే మాట కదా, 1985 నాటి బాంబర్‌మ్యాన్‌ను ఒక్కరే ఆడేవారు కదా, అప్పుడు గుంపు ఆటే దాని స్వభావమని ఎలా అంటారు? నిజమే, స్వభావం పుట్టుకతో వచ్చేది కాదు, వాడుకలో కూడబెట్టుకునేది. ఊరి పేరు మొదట ఎవరు పెట్టినా అక్కడ బతికినవాళ్ల వల్లే దానికి అర్థం వస్తుంది. 1986లో ఒంటరి బాంబర్‌మ్యాన్ ఇంకొకటి వచ్చినా తప్పయ్యేది కాదు. మధ్యలో పదిహేనేళ్ల పాటు జనం ఆ పేరుతో చేసిన పని ఒకటుంది కాబట్టి 2006లో తప్పయింది. అంతేగాక అది గాల్లో మాట కూడా కాదు, వస్తువుల్లో కంటికి కనిపిస్తుంది. 1997లో మొదలైన ‘ఫాలౌట్’ సిరీస్‌లో అణుయుద్ధం తర్వాతి ఎడారిలో మిగిలిన ఒకనాటి అమెరికాకు గుర్తు న్యూకా-కోలా అనే కల్పిత శీతలపానీయం. 2004లో ‘ఫాలౌట్: బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్’ అనే స్పిన్-ఆఫ్‌లో దాని స్థానంలో బాల్స్ అనే నిజమైన బజారు పానీయాన్ని ప్రకటనగా పెట్టారు. అరటి తొక్కకు ఎదురు దిక్కులో జరిగిన మార్పు ఇది. మాట్లాడి, ఆలోచించి దారి ఎంచుకునే ఆటను కాల్చుకుంటూ పోయే ఆటగా మార్చడం పెద్ద మార్పే, కానీ నాకు ఆ సీసాయే ఎక్కువ చెబుతుంది. ఆ లోకాన్ని నమ్మినవాడు ఆ సీసా మార్చడు.

రెండో ఆక్షేపణ సృష్టికర్తల పక్షం నుంచి వస్తుంది. కట్టుబాట్లు పెడితే కొత్తది పుట్టదంటారు, ఉదాహరణగా ‘పెర్సోనా’ను చూపిస్తారు. రాక్షసులతో బేరమాడి వాళ్లను తనవైపు తిప్పుకునే ‘మెగామి టెన్సేయి’ సిరీస్ 1987లో మొదలైంది. నాగరికత కూలడం, ధర్మానికీ అరాచకానికీ మధ్య ఎంపిక దాని ఊపిరి. 1994లో ఒక బడి మొత్తం రాక్షసలోకంలో కూరుకుపోయే గేమ్ వచ్చింది, దాని వెనక 1996లో పెర్సోనా. ఆ మొదటి పెర్సోనా జపనీస్ పేరులోని ‘ఇబున్‌రోకు’ అన్న మాటకు, వేరుగా వినవచ్చిన కథ అని చెప్పుకోవచ్చు. 2006 నాటి మూడో పెర్సోనా క్యాలెండర్ పెట్టి, బడి, స్నేహాలు, సాయంత్రపు తీరికలతో రోజుల లెక్కన సాగింది. ఇవాళ చాలా దేశాల్లో తల్లి సిరీస్ పేరు తెలియనివాళ్లకూ పెర్సోనా తెలుసు. ఇది నా వాదనకు అన్నిటికన్నా కష్టమైన ఉదాహరణ, ఒప్పుకుంటాను. పాత అభిమానుల్లో కొందరు, ప్రళయం పోయి బడిగంట మిగిలిందని బాధపడ్డారు, ఆ బాధ అబద్ధం కాదు. అయినా దేవతలూ భూతాలూ మనిషి లోపలివే, వాటితో తలపడడమంటే తనతో తాను తలపడడమే అన్న మూల భయాన్ని పెర్సోనా పోగొట్టలేదు, దాన్నే పదిహేడేళ్ల పిల్లల గుండెల్లోకి దించింది. కట్టుబాటు అక్కడ కొత్తదనానికి అడ్డం పడలేదు, దారి చూపింది. నిజంగా స్వభావమే మారిపోయిందనుకుంటే ఏం చేయాలో కూడా ఈ వృత్తిలో ఒకరు చేసి చూపించారు. హిడెకి కామియా బృందం ‘రెసిడెంట్ ఈవిల్’ నాలుగో గేమ్‌గా మొదలుపెట్టినది భయం వదిలేసి వీరవిహారం అయిపోయినప్పుడు, దానికి ‘డెవిల్ మే క్రై’ అని వేరే పేరు పెట్టి 2001లో విడుదల చేశారు. కొత్త పేరును జనానికి అలవాటు చేయడం కంపెనీకి ఖర్చుతో కూడిన పని. అయినా పేరు మార్చినందువల్ల రెసిడెంట్ ఈవిల్ ఆటగాణ్ని ఎవరూ మోసం చేయలేదు, కామియాకు ఎవరూ సంకెళ్లు వేయలేదు.

అభిమానుల కోపం ప్రతిసారీ న్యాయమేనా అంటే కాదు. 2015లో నింటెండో ‘మెట్రాయిడ్ ప్రైమ్: ఫెడరేషన్ ఫోర్స్’ ప్రకటించగానే, అది బయటికి రాకముందే దాన్ని రద్దు చేయమని వేలమంది సంతకాలు చేశారు. 2010 తర్వాత అప్పటిదాకా కొత్త మెట్రాయిడ్ రాలేదు. ఐదేళ్లు ఆకలితో ఉన్నవాళ్లకు విస్తరిలో పచ్చడి ఒక్కటే వడ్డించినట్టయింది. తల్లి సిరీస్ నడుస్తూ ఉంటే ఇదే గేమ్ ఇంత తిట్టు తినేది కాదనుకుంటాను. అయితే ఆ కోపంలో సగం ఆకలి, సగం సరైన గుర్తింపు. మెట్రాయిడ్ అంటే 1986 నుంచీ నిర్జన గ్రహం మీద సేమస్ అనే ఒంటరి స్త్రీ. నలుగురు సైనికులు కలిసి తిరిగే ఆట ఎంత బాగా చేసినా ఆ నిశ్శబ్దం అందులో ఉండదు. చూడకుండానే తీర్పు చెప్పినవాళ్లు తొందరపడ్డారు గాని, ఏది పోతోందో వాళ్లకు తెలుసు.

హడ్సన్ సాఫ్ట్ 2012లో కొనామీలో కలిసిపోయింది. 2017 మార్చిలో కొనామీ ‘సూపర్ బాంబర్‌మ్యాన్ ఆర్’ తెచ్చింది. కవచాలు పోయాయి, గుండ్రటి తెల్ల తల తిరిగి వచ్చింది, ఒకే టీవీ ముందు ఎనిమిది మంది కూర్చునే వీలూ వచ్చింది. తర్వాత కొనామీ తన ఇతర గేముల పాత్రలనూ ఇందులోకి దించింది. వాళ్లలో ‘సైలెంట్ హిల్’ నుంచి వచ్చిన పిరమిడ్ హెడ్ ఉన్నాడు. తుప్పు పట్టిన ముక్కోణపు ఇనుప తలతో, పెద్ద కత్తి ఈడ్చుకుంటూ నడిచి ఒక తరాన్ని వణికించిన ఆకారం అది. ఇక్కడికి వచ్చేసరికి ఆ తల పొట్టి ఒంటి మీద కూర్చుంది. చిట్టి కాళ్లతో గళ్ల మధ్య పరిగెత్తి, బాంబు పెట్టి, అందరిలాగే మూల దాక్కుంటాడు.