కొత్త ల్యాప్‌టాప్‌కు డీ డ్రైవ్ అవసరమా? డిస్క్‌ను విభజించే ముందు తెలుసుకోవాల్సినవి ఇవీ

కొత్త ల్యాప్‌టాప్ తెరిస్తే చాలావాటిలో సీ డ్రైవ్ ఒక్కటే కనిపిస్తుంది. పాత డెస్క్‌టాప్‌లలో సీ, డీ, ఈ డ్రైవ్‌లకు అలవాటుపడినవాళ్లు వెంటనే దాన్ని మూడు నాలుగు భాగాలు చేయించాలనుకుంటారు. అది నిజంగా అవసరమా? మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ కాపీలు, కుటుంబ ఫొటోలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉంటాయి. కాబట్టి ముందే ఆలోచించుకోవడం మంచిది.

పార్టిషన్ వల్ల లాభం ఏంటి?

ఒకే డిస్క్‌ను వేర్వేరు భాగాలుగా చేయడమే పార్టిషన్. విండోస్ పాడై సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాల్సి వచ్చినా, డీ డ్రైవ్‌ను ముట్టుకోకపోతే అందులోని ఫైళ్లు అలాగే ఉంటాయి. అసలు ప్రయోజనం ఇదే. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో భాగాలు చేసినంత మాత్రాన వేగం పెరగదు.

డిస్కే చెడిపోయినా, ల్యాప్‌టాప్ చోరీకి గురైనా రెండు డ్రైవ్‌లూ ఒకేసారి పోతాయి. డీ డ్రైవ్‌లో దాచుకోవడం బ్యాకప్ కాదు.

మీ డిస్క్‌కు ఏది సరిపోతుంది?

256 జీబీ: విభజించకపోవడమే మేలు. విండోస్‌లో ఇది సుమారు 238 జీబీగానే కనిపిస్తుంది. తయారీ సంస్థలు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడమే ఈ తేడాకు కారణం. సీ డ్రైవ్‌ను మరీ చిన్నది చేస్తే అప్‌డేట్లకు చోటు చాలదు.

512 జీబీ: సీ డ్రైవ్‌కు 200 జీబీ ఉంచి, మిగతాది డీ డ్రైవ్‌కు ఇవ్వొచ్చు. పెద్ద గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు సీ డ్రైవ్‌కు ఇంకా ఎక్కువ ఉంచుకోవాలి.

1 టీబీ: సీ డ్రైవ్‌కు 300 జీబీ సరిపోతుంది. లైనక్స్ కూడా నేర్చుకోవాలనుకునే విద్యార్థులు దానికోసం 50 నుంచి 100 జీబీ ఖాళీగా వదిలేయొచ్చు.

సీ డ్రైవ్‌కు మొదట్లోనే కాస్త ఎక్కువ ఇవ్వండి. తర్వాత పెంచాలంటే దాని పక్కనే ఖాళీ స్థలం ఉండాలి. అక్కడ డీ డ్రైవ్ ఉంటే, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందు దాన్ని తొలగించాల్సి వస్తుంది.

జీపీటీనా, ఎంబీఆరా?

కొత్త ల్యాప్‌టాప్ అయితే జీపీటీనే ఎంచుకోండి. ఎంబీఆర్ పాత పద్ధతి. సాధారణంగా 2 టీబీ వరకే పనిచేస్తుంది, నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఇవ్వదు. జీపీటీతో విండోస్‌లో 128 వరకు చేసుకోవచ్చు. విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా జీపీటీనే ఉంటుంది, మీరు మార్చాల్సిన పని లేదు.

మొదలుపెట్టే ముందు

• ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మధ్యలో కరెంటు పోయినా ఆగకుండా ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉంచండి.

• బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోండి. కంప్యూటర్ ఆ కీ అడిగినప్పుడు మీ దగ్గర లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు.

• డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించే ఈఎఫ్ఐ, రికవరీ అనే చిన్న భాగాలను తొలగించొద్దు. ఈఎఫ్ఐ పోతే విండోస్ స్టార్ట్ కాదు.

• సీ డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకోండి. పరిమాణాన్ని ఎంబీల్లో అడుగుతుంది. 100 జీబీ విడదీయాలంటే 102400 అని ఇవ్వాలి. వచ్చిన ఖాళీ స్థలంపై రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకుంటే కొత్త డ్రైవ్ సిద్ధమవుతుంది.

ధ్రువపత్రాల మాటేంటి?

డిజీలాకర్‌లో ప్రభుత్వ శాఖలు, బోర్డులు నేరుగా జారీ చేసిన పత్రాలకు 2016 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఒరిజినల్‌తో సమాన హోదా ఉంది. మీరే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసినవాటికి ఆ హోదా ఉండదు. అందుబాటులో ఉన్న పత్రాలను అక్కడి నుంచే తీసుకోండి. ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లకు మాత్రం ల్యాప్‌టాప్ బయట మరో కాపీ ఉండాల్సిందే.