జముకుల కథ (ఉద్దానం)

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడే సంగీత కథాగానం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో గ్రామదేవత సంబరాలకు బయటి ఊళ్ల నుంచి బృందాలను పిలిపించి, రాత్రిపూట కథ చెప్పిస్తారు.

ఈ కళకు పేరునిచ్చిన జముకు అనే వాద్యం చూడటానికి కుంచంలా ఉంటుంది. ఒక మూతికి తోలు బిగిస్తారు. దాని నడుమ నుంచి వచ్చే నరం తీగ రెండో కొసను చిన్న పుల్లకు కడతారు. వాద్యాన్ని చంకలో ఇరికించి, తీగను లాగుతూ సడలిస్తూ మీటితే నాదం పైకీ కిందికీ జారుతుంది. తాళం వేస్తూనే స్వరం పలికించడం దీని ప్రత్యేకత. వింటున్నప్పుడు వాద్యమే కథకుడికి ఎదురు మాట్లాడుతున్నట్టుంటుంది.

ప్రధాన కథకుడు పాడి, వచనం చెప్పి, ఆడతాడు. పక్కవాళ్లు వంత అందుకుంటారు. ఎల్లమ్మ కథ ప్రసిద్ధం. ఈ కళకు ఊరి చందాలే ఆధారం.

ఈ ప్రాంతపు చరిత్రలో జముకుల కథ ప్రస్తావన సుబ్బారావు పాణిగ్రాహి లేకుండా పూర్తికాదు. ఉద్దానంలోని బొడ్డపాడు గుడి పూజారిగా ఉన్న ఈ కవి, పాత బాణీని శ్రీకాకుళ రైతాంగ పోరాట ప్రచారానికి మలిచాడు. 1969లో పోలీసు కాల్పుల్లో మరణించాడు. తెలుగు విప్లవ ప్రదర్శన కళలకు ఆ ప్రయోగం తొలి ఆదర్శాల్లో ఒకటి.

ఉత్తరాంధ్రలోనే ఉన్న తప్పెటగుళ్లు జముకుల కథకు భిన్నమైన కళ: యాదవులు రొమ్ముకు కట్టుకున్న రేకు పళ్లాలను చేతులతో వాయిస్తూ గుంపుగా నర్తిస్తారు.