నిద్రలోనూ చెవి ఒగ్గే కార్డు

కంప్యూటర్‌ను నిద్రపుచ్చి ప్రయోగశాల దీపాలు ఆర్పేశాక పెట్టె వెనుకకు చూడండి. నెట్‌వర్క్ తీగ గుచ్చిన చోట చిన్న పచ్చ దీపం వెలుగుతూ ఉండవచ్చు. "ఆపేశాం కదా సార్, ఇదేమిటి?" అని విద్యార్థులు అడుగుతుంటారు. పెట్టె నిద్రపోయింది గానీ, కార్డు ఒక చెవి తెరిచే ఉంచింది.

ఈ ఏర్పాటుకు మూలం 1990ల నాటి కార్యాలయాల్లో ఉంది. కరెంటు ఆదా కోసం రాత్రిపూట యంత్రాలు ఆపాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వీలైన సమయమూ రాత్రే. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు. 1995లో ఏఎండీ సంస్థ, హ్యూలెట్ ప్యాకార్డ్‌తో కలిసి ఒక మార్గం చెప్పింది. దాని పేరు 'మ్యాజిక్ ప్యాకెట్'. 1996లో ఇంటెల్, ఐబీఎం ఏర్పరచుకున్న కూటమి ద్వారా 'వేక్ ఆన్ ల్యాన్' అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

ఆ ప్యాకెట్‌లో మ్యాజిక్ ఏమీ లేదు. అన్ని బిట్లూ ఒకట్లే అయిన బైట్లు 6, వాటి వెనుక ఆ కార్డు చిరునామా వరసగా 16 సార్లు. చిరునామా 6 బైట్లు కాబట్టి మొత్తం 102 బైట్లు. బడివేళ పిల్లవాడిని అమ్మ పేరు పెట్టి పదేపదే పిలిచినట్టే! ఇంత సాదా ఆనవాలు గనుక, ప్రాసెసర్ సాయం లేకుండా కార్డులోని చిన్న సర్క్యూటే దీన్ని గుర్తుపడుతుంది.

అయితే వినాలన్నా కరెంటు కావాలి. తొలినాళ్లలో కార్డు నుంచి మదర్‌బోర్డుకు మూడు తీగల ప్రత్యేక కేబుల్ తగిలించేవారు. 1998 నాటి పీసీఐ 2.2 ప్రమాణంతో స్లాటులోనే 3.3 వోల్టుల సహాయక విద్యుత్తుకు చోటు దొరికింది. ఆ కేబుల్ అవసరం క్రమంగా తీరిపోయింది.

ఇక డ్రైవర్ సంగతి. కథ ఇక్కడే చిక్కుపడింది. నిద్రలోకి వెళ్లే ముందు డ్రైవర్ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ కార్డుకు లేపే శక్తి ఉందా? లేపమని యజమాని అనుమతించాడా? మొదటిది పరికరం సంగతి, రెండవది మనిషి నిర్ణయం. ఈ రెండింటినీ ఒకటిగా చూస్తే, అడగకపోయినా అర్ధరాత్రి లేచి కూర్చునే యంత్రమో, ఎంత పిలిచినా పలకని యంత్రమో తయారవుతుంది.

లైనక్స్ 2.6 శ్రేణి కెర్నెల్‌లో ఈ రెండు విషయాలకూ వేర్వేరు గుర్తులు ఉండేవి. కానీ వాడుకరి 'ఈథ్‌టూల్' అనే పనిముట్టుతో ఇచ్చిన అనుమతిని అనేక డ్రైవర్లు తమ సొంత చిట్టాలోనే రాసుకునేవి. పరికరాలను నిద్రపుచ్చే పీసీఐ విభాగం చూసేది కెర్నెల్ చిట్టాను. ఒకరి లెక్క మరొకరికి తెలియదు. 2008లో రఫాయెల్ వైసోకీ పలు నెట్‌వర్క్ డ్రైవర్లను సవరించి, ఈథ్‌టూల్‌తో అనుమతి మారినప్పుడల్లా కెర్నెల్ గుర్తు కూడా మారేట్టు చేశారు. ఒక్కో డ్రైవర్‌లో చేరింది కొద్ది పంక్తులే. నా దృష్టిలో ఈ చరిత్రలో మ్యాజిక్ ప్యాకెట్ కంటే ఇదేమీ చిన్న మెట్టు కాదు.

అనుమతి ఇంకోచోట కూడా ఆగిపోగలదు. మా కళాశాలలో ఒక యంత్రం ఎంతకీ లేవకపోతే నేను తీగ మార్చాను, కార్డు మార్చాను, రెండు సాయంత్రాలు పోయాయి. చివరికి చూస్తే బయాస్ అమరికల్లో ఆ సదుపాయం ఆపి ఉంది!

దేనికి లేవాలన్నదీ ఎంచుకోవాలి. మ్యాజిక్ ప్యాకెట్‌కే లేవమనవచ్చు, అందరికీ పంపే ఏ ప్రసార సందేశానికైనా లేవమనవచ్చు. రెండోది ఎంచుకుంటే రద్దీ నెట్‌వర్క్‌లో యంత్రానికి నిద్ర కరువే. పైగా దూరం నుంచి పిలవడమూ తేలిక కాదు. ఒక నెట్‌వర్క్ మొత్తానికి బయటి నుంచి వచ్చే ప్రసార సందేశాలను దాడులకు వాడుకోవడంతో, రూటర్లు వాటిని మామూలుగా అడ్డుకోవాలని 1999లో ఇంటర్నెట్ ప్రమాణం మార్చారు. మేలుకొలుపు పిలుపుకు కూడా ఆ తలుపు మూసుకుపోయింది.

మీ దగ్గర లైనక్స్ యంత్రం ఉంటే, సిస్ఎఫ్ఎస్‌లో నెట్‌వర్క్ కార్డుకు చెందిన పవర్ డైరెక్టరీ తెరిచి 'వేకప్' అన్న ఫైలు చూడండి. అనుమతి ఉంటే 'ఎనేబుల్డ్' అనీ, లేకపోతే 'డిజేబుల్డ్' అనీ రాసి ఉంటుంది. కార్డుకు అసలు శక్తే లేకపోతే ఆ ఫైలే కనిపించదు.