పోస్టు డబ్బా రక్షణ

రోడ్డు వారనుండే ఎర్ర పోస్టు డబ్బా పాడవకుండా చేసే ఏర్పాటు. ఈ డబ్బా తపాలా శాఖది, ఉత్తరాలు వేయడానికి. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలోని సీలేరు వంటి వానల మన్యంలో మొదటి శత్రువు తడే. అందుకే ఉత్తరం వేసే సందుపై చూరులా ముందుకు వంగిన అంచు. తుప్పుకు విరుగుడు రంగు. ఇక మనుషుల సంగతి. 1898 తపాలా చట్టం 62వ సెక్షన్ ప్రకారం డబ్బాలో నిప్పు, మురికి, ద్రవాలు వేస్తే ఏడాది వరకు జైలు ఉండేది. కాగితాలు అంటించి వికారం చేస్తే మాత్రం 63వ సెక్షన్ కింద జరిమానా 50 రూపాయలకు మించేది కాదు. ఈ రోజుల్లో అది టిఫిను ఖర్చు! 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త తపాలా చట్టంతో ఆ సెక్షన్లు పోయాయి. అయినా ప్రభుత్వ ఆస్తి ధ్వంసంపై 1984 నాటి చట్టం ఇప్పటికీ ఉంది.