మన ఒళ్ళు, మన చరిత్ర (9): ఎవరికి శ్లోకం, ఎవరికి సూది?

మా అమ్మమ్మ చేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండుండేవి. చిన్నప్పుడు అడిగితే "టీకాలోళ్ళు వేసిన ముద్రరా" అనేది. టీకాలోళ్ళు వస్తున్నారని తెలిస్తే మా మాలపల్లె ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలల్లో దాక్కునేవాళ్ళట.

2021లో కరోనా టీకాల సమయంలో ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. టీకా వేయించుకోకపోతే రేషన్ ఆగిపోతుందని ఎవరో వచ్చి చెప్పి పోయారు. మా పిన్ని మాత్రం కదల్లేదు. నా సహోద్యోగి ఒకాయన స్టాఫ్ రూములో ఆ సంగతి విని "మీవాళ్ళకి అవగాహన తక్కువండీ" అన్నాడు. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ చదివిన చరిత్రే ఈ భాగం.

మశూచిని మనవాళ్ళు అమ్మవారు అన్నారు. ఒంటి మీద అమ్మ పోసిందంటే వేపమండలు, చల్ల, పోలేరమ్మ కొలుపు. ఆ జబ్బుకు జెన్నర్ 1796లో ఆవు మశూచి నుంచి టీకా కనిపెట్టాడు. అది మన దేశంలో మొదటిసారి పనిచేసింది 1802 జూన్ 14న, బొంబాయిలో మూడేళ్ళ పాప చేతి మీద. ఆ పాప పొక్కులోంచి తీసిన రసంతోనే మిగతావాళ్ళకు వేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రోజుల్లో ఫ్రిజ్ లేదు. ఎండకు మందు చెడిపోతుంది. అందుకని పిల్లల చేతులనే సీసాలు చేశారు. ఒక బిడ్డకు టీకా వేసి, వారం తర్వాత ఆ పొక్కును గుచ్చి, రసం తీసి మరో బిడ్డకు ఎక్కించేవాళ్ళు. అట్లా ఊరి నుంచి ఊరికి పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగేవాళ్ళు. ఎవరి పిల్లలు? ఎక్కువగా పేదవాళ్ళ పిల్లలు, కింది కులాల పిల్లలు. డబ్బు ఆశ చూపి తల్లిదండ్రుల్ని ఒప్పించిన సందర్భాలూ ఉన్నాయి. మానీమానని పొక్కును మళ్ళీ గుచ్చితే ఏ తల్లి ఊరుకుంటుంది? ఒక ఒంట్లోంచి మరో ఒంట్లోకి సవాయి లాంటి జబ్బులు పాకే ప్రమాదం కూడా నిజమే. మా అమ్మమ్మ కాలానికి ఈ పద్ధతి పోయింది కానీ ఆ భయం వెనక ఇంత కథ ఉంది.

అగ్రకులాలు కూడా టీకాను వ్యతిరేకించాయి. వాళ్ళ అభ్యంతరాల్లో ఒకటి వేరే రకం: అంటరాని బిడ్డ ఒంట్లోని రసం మా ఒంట్లోకి రావడమేమిటి అని. మనం నొప్పికి భయపడ్డాం, వాళ్ళు మైలకు భయపడ్డారు. చరిత్ర పుస్తకాల్లో రెంటినీ కలిపి "ప్రజల మూఢనమ్మకం" అని ఒకే గాటన కట్టేశారు.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుసు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, ద్రావిడ భాషా కుటుంబానికి చెందినదని 1816లో నిరూపించిన మద్రాసు కలెక్టర్. ఆయన గురించి మన సిలబసులో లేని సంగతి ఒకటుంది. బ్రాహ్మణుల్ని టీకాకు ఒప్పించడానికి ఆయన సంస్కృతంలో ఒక చిన్న పద్యరచన చేశాడని, పాత కాగితం మీద రాయించి ప్రాచీన గ్రంథం దొరికినట్టు చూపించారని ఆనాటి రాతల్లో ఉంది. టీకా వాళ్ళ గోమాత ప్రసాదమే అని నమ్మించాలన్నమాట.

అంటే వాళ్ళను ఒప్పించడానికి దొరలు శ్లోకాలు రాశారు. మన దగ్గరికి మాత్రం సూది పట్టుకుని వచ్చారు.

తర్వాత 1880లో టీకాల చట్టం వచ్చింది. అమలుచేసిన పట్టణాల్లో, కంటోన్మెంట్లలో పిల్లలకు టీకా తప్పనిసరి అయింది. స్వాతంత్ర్యం తర్వాతా తీరు మారలేదు. 1970లలో మశూచి నిర్మూలన చివరి దశలో, ఇప్పటి జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ దగ్గర, టీకా బృందం రాత్రిపూట ఒక హో ఆదివాసీ నాయకుడి ఇంటి తలుపు విరగ్గొట్టి, ఆ కుటుంబాన్ని పట్టుకుని సూది వేసింది. అందులో పనిచేసిన అమెరికన్ డాక్టర్ లారీ బ్రిలియంటే ఈ సంగతి రాశాడు. అంతా అయ్యాక ఆ పెద్దాయన పెరట్లోంచి దోసకాయ తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాడట. ఇంటికొచ్చినవాళ్ళు అతిథులు కదా.

మిత్రులారా, ఇదంతా చదివి టీకాలు వద్దు అనుకుంటే నేను చెప్పింది అర్థం కానట్టే. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. టీకా లేకపోతే మనమే ఎక్కువ చచ్చేవాళ్ళం. మన పరంపర కూడా వైద్యం వైపే నిలబడింది. 1897లో పూనా ప్లేగులో సావిత్రీబాయి ఫూలే ముంఢ్వా మహర్‌వాడ నుంచి జబ్బుపడ్డ పిల్లవాణ్ణి వీపున మోసుకుని కొడుకు యశ్వంత్ ఆస్పత్రికి తెచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న చనిపోయింది. అదే ఊళ్ళో అదే ఏడాది సర్కారు సోల్జర్లను పంపి ఇళ్ళు సోదా చేయించింది. జనం సోల్జర్లను చూసి దాక్కున్నారు. సావిత్రీబాయి తనే వాడలోకి నడిచి వెళ్ళింది.

2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. ఒంటి మీద హక్కు 21వ అధికరణంలో భాగమంది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు కానీ అవి అవసరానికి మించకూడదంది. తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన చీరాల ఎల్. నాగేశ్వరరావు, మరొకరు అంబేడ్కరైట్ కుటుంబం నుంచి వచ్చిన బి.ఆర్. గవాయ్. మంచి తీర్పే. అయితే అది వచ్చేసరికి వాడల్లో బెదిరింపుల పని అయిపోయింది.

మా పిన్ని సంగతి చెప్పలేదు కదా. ఎందుకొద్దని అడిగితే ఆమె పోలేరమ్మ పేరెత్తలేదు. "సూదేస్తే రెండ్రోజులు జొరమంట. ఆ రెండ్రోజుల కూలి నువ్విస్తావా?" అంది. అంతే. ఏఎన్ఎం అక్కను బతిమాలి పనుల్లేని రోజు పిలిచాం. ఆమె మా అరుగు మీద గంటసేపు కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పింది. పిన్ని చెయ్యి చాపింది. వెనకాల పదిమంది వచ్చారు.

స్టాఫ్ రూములో ఆయనకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది. మావాళ్ళకు అవగాహన తక్కువ కాదండీ, మాకు నచ్చజెప్పినవాళ్ళు తక్కువ. రేపు మరో మహమ్మారి వస్తుంది. అప్పుడు టీకా కోసం వాడల్లోకి వెళ్ళాల్సింది మనమే. వెళ్ళేటప్పుడు బెదిరింపు కాదు, ఆ రెండ్రోజుల కూలికి దారి పట్టుకుని వెళ్దాం.

జై భీమ్.