గుంజాల గోండి లిపి: ఫాంటు హక్కులు, లైసెన్సు చరిత్ర

ఖానాపూర్ శాసనసభా నియోజకవర్గం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించబడినది. ఉట్నూరు, ఇంద్రవెల్లి మండలాలు దీని పరిధిలోనివే. ఉట్నూరుకు చేరువలోని నార్నూరు మండలంలో గుంజాల గ్రామం ఉంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చిన గోండి రాతప్రతుల వలన ఈ గ్రామం పేరిట ఒక ప్రత్యేక లిపి విద్వల్లోకానికి పరిచయమైంది. మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ 1918లో రూపొందించిన గోండి లిపి వేరు, ఇది వేరు. మసారామ్ లిపి 2017లో యూనికోడ్ 10.0లోను, గుంజాల లిపి 2018లో యూనికోడ్ 11.0లోను చోటు పొందాయి.

యూనికోడ్‌లో చేరినంత మాత్రాన అక్షరం తెరపై కనిపించదు. సంకేత సంఖ్యకు రూపమిచ్చే ఫాంటు ఒకటి, గుణింతాలను, సంయుక్తాక్షరాలను కుదురుగా అమర్చే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మరొకటి కావాలి. హక్కుల ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. లిపి ఎవరి సొత్తూ కాదు. ఫాంటు ఫైలు మాత్రం ఒకరు రాసిన సాఫ్ట్‌వేరు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం, తరువాతి సవరణలతో, కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగా పరిగణిస్తున్నది. కర్త ఏమీ చెప్పకపోతే హక్కులన్నీ కర్తవే. ఉచితంగా దించుకోనిచ్చినంతలో మార్చుకొనే, తిరిగి పంచే అనుమతి దక్కదు. ఆ చట్టంలోని 30వ సెక్షను లైసెన్సు లిఖితరూపంలో ఉండాలని నిర్దేశిస్తున్నది. తెలుగు కంప్యూటర్ చరిత్రలో 'ఉచితం', 'స్వేచ్ఛ' అనే రెండు మాటలను ఒకే అర్థంలో వాడడం వలన కలిగిన గందరగోళం తక్కువేమీ కాదు.

తెలుగు ఫాంట్లలో ఇందుకు పూర్వోదాహరణలున్నాయి. దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు జి.పి.ఎల్. లైసెన్సుతో, ఒక మినహాయింపును జోడించుకొని లినక్స్ పంపిణీలలోకి వచ్చాయి. ఆ మినహాయింపు అవసరం చిన్నది కాదు. జి.పి.ఎల్. ఫాంటును పి.డి.ఎఫ్.లో పొదిగితే ఆ పుస్తకానికీ అదే లైసెన్సు వర్తిస్తుందా అన్న సందేహాన్ని తీర్చేది అదే. రెడ్ హ్యాట్ వారి లోహిత్ ఫాంట్లు 2011లో జి.పి.ఎల్.ను వదలి ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారాయి. గూగుల్ నోటో ఫాంట్లు 2015లో అపాచీ లైసెన్సు నుంచి అదే లైసెన్సుకు వచ్చాయి. గుంజాల గోండి యూనికోడ్‌కెక్కేనాటికి దారి సిద్ధంగా ఉన్నందున నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంటు ఆ లైసెన్సుతోనే లభిస్తున్నది.

ఫాంటును వాడవచ్చు, పరిశీలించవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, విడిగా అమ్మరాదు. మార్చిన ఫాంటుకు అదే లైసెన్సు ఉండాలి. కర్త తనకై ప్రత్యేకించుకొన్న పేరు ఏదైనా ఉంటే దానిని కొత్త రూపానికి పెట్టరాదు. ఆ ఫాంటుతో అచ్చువేసిన గోండి వాచకానికి ఈ షరతులేవీ అంటవు. వాచకం హక్కులు వాచకకర్తవే. ఆదివాసీ భాషా ప్రచురణకు ఇంతకంటె ముఖ్యమైన నిబంధన లేదనవచ్చు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ మరింత ఉదారమైన పాత ఎం.ఐ.టి. లైసెన్సులో ఉంది. కాపీరైట్ ప్రకటనను, అనుమతి పాఠాన్ని నిలిపి ఉంచడమే అది కోరే ప్రధాన షరతు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ దానినే ఇముడ్చుకొన్నాయి.

లైసెన్సును అన్వయించే పద్ధతి పైకి సాదాగానే ఉంటుంది. లైసెన్సు పూర్తి పాఠాన్ని ఒక ఫైలుగా జతచేస్తారు. ఫాంటు లోపలి పేర్ల పట్టికలో 0వ అంశంగా కాపీరైట్ పంక్తిని, 13వ అంశంగా లైసెన్సు వివరణను, 14వ అంశంగా దాని చిరునామాను నింపుతారు. ఫైలు చేతులు మారి జతచేసిన పత్రం ఎక్కడో జారిపోయినా ఈ మూడు అంశాలు ఫాంటుతోనే ప్రయాణిస్తాయి. అయితే కాపీరైట్ పంక్తి ఫాంటు కర్తలను మాత్రమే గుర్తిస్తుంది. నోటో ఫాంటులో అక్కడ ఉన్నది నోటో ప్రాజెక్టు రచయితల ప్రస్తావన. రాతప్రతులను తరాలుగా కాపాడిన గోండు కుటుంబాలను పేర్కొనే గడి ఆ పట్టికలో లేదు. గ్రామం పేరు మాత్రం ఫాంటు పేరులోనే ఉంది.